‘ఓర్పు’ పడవ మీద ఒనొరీన్

మా అక్క ఒనొరీన్ కాలువ మీద రెండు లాకుల మధ్య, పడవలో పుట్టింది. పై లాకు ఒక ఊరిది, కింది లాకు ఇంకో ఊరిది. పుట్టిన క్షణంలో పడవ ముక్కు ఒక ఊళ్ళో, తోక ఇంకో ఊళ్ళో ఉన్నాయనీ, ఆ పిల్ల మీదంటే మీదని రెండూళ్ళ మేయర్లూ ఇప్పటికీ వాదించుకుంటున్నారనీ మా నాన్న చెప్పేవాడు. అందులో నిజమెంతో నాకు తెలియదు. పుట్టగానే ఆమె పెట్టిన కేకకు కింది లాకు తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయన్న మాట మాత్రం నమ్ముతాను. ఆ గొంతును నేను జీవితమంతా విన్నాను.

సరుకు నిండిన పడవ కాలువలో మనిషి నడక కంటే వేగంగా పోదు. లాకు దగ్గర ఆగాలి. పడవను కింది మట్టానికి దించే ఆ తలుపుల తొట్టిలో నీళ్ళు దిగేదాకా ఆగాలి. ఎదురుగా ఇంకో పడవ వస్తే ఆగాలి. లాకు మనిషి భోజనం చేస్తుంటే ఆగాలి. అలాంటి బతుకులో పుట్టి, అలాంటి బతుకులోకే పెళ్ళి చేసుకుని వెళ్ళి, ఆగడమన్నది ఒంటికి పట్టని మనిషిని నేను మా అక్కనొక్కదాన్నే చూశాను. ఆమె ఎప్పుడూ కూర్చుని తినలేదు. సూపు గిన్నె చేత్తో పట్టుకుని పడవ ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తూ తాగేది. పెళ్ళయిన నెలకే మా బావ పడవకు కొత్త రంగు వేయించి, ముక్కు మీద తెల్లటి అక్షరాలతో ‘ఓర్పు’ అని రాయించాడు.

“ఈ పేరు పడవకా, నాకా?” అని అక్క అడిగింది.

“ఎవరికి పనికొస్తే వాళ్ళకి” అన్నాడు బావ.

బావ పోయాడు, పేరు మిగిలింది. ఓర్పు మాత్రం ఆ పడవ ఏనాడూ ఎక్కలేదు.

ఆ పడవ గదిలో, మంచానికి పైన, దూలానికొక కొక్కెం ఉండేది. దానికి వెడల్పాటి నార పట్టీ ఒకటి వేలాడేది. మోటారు లేని రోజుల్లో, కంచర గాడిదను కొనే తాహతు కూడా లేనప్పుడు, మా అమ్మా అక్కా ఆ పట్టీని రొమ్ముకు అడ్డంగా వేసుకుని గట్టు మీద నడుస్తూ పడవను లాగేవాళ్ళు. నన్ను పడవల వాళ్ళ పిల్లల కోసం సిస్టర్లు నడిపే కాన్వెంటులో వేశారు కాబట్టి నా రొమ్ము మీద శిలువ తప్ప మరో గుర్తు పడలేదు. అక్క భుజం మీద ఆ పట్టీ గాడి చివరిదాకా ఉంది. మోటారు వచ్చాక కూడా పట్టీకి పని పోలేదు. మావాళ్ళలో ఆడవాళ్ళు పడవలోనే కనేవాళ్ళు. నొప్పులొచ్చినప్పుడు దూలానికి కట్టిన ఆ పట్టీని రెండు చేతులా పట్టుకుని, పడవను లాగినట్టే లాగాలి. మా అమ్మ దాన్ని లాగే మా ఇద్దరినీ కన్నది. అక్క దాన్ని లాగే తన ఒక్కగానొక్క కూతురు సోలాంజ్‌ను కన్నది.

గొడవ సోలాంజ్ కాన్పు దగ్గరే వచ్చింది. బిడ్డ ఎదురుకాళ్ళతో ఉందనీ, దిజోన్ వెళ్ళి పెద్దాసుపత్రిలో చేరాలనీ డాక్టరు చెప్పాడు.

“ఆసుపత్రా? గట్టువాళ్ళ ఆసుపత్రా?” అంది అక్క. ఇళ్ళు కదలని మనుషులను మేము గట్టువాళ్ళంటాం. “బిడ్డను మార్చేస్తారే! ఏ కిరాణా కొట్టువాడి కొడుకునో నీ ఒళ్ళో పెట్టి పంపిస్తారు. వాడు పడవెక్కిన రోజే కక్కుకుంటాడు.”

“అమ్మా, డాక్టరు చెప్పింది విన్నావా? ఎదురుకాళ్ళట.”

“నువ్వూ ఎదురుకాళ్ళతోనే పుట్టావు. అప్పట్నుంచీ ఎదురే చెబుతున్నావు. నేను కనలేదా?”

“నువ్వు కన్నావు. నాకు భయమేస్తోంది, అదీ తేడా.”

వాదనలో ఓడినప్పుడల్లా చేసే పనే అక్క అప్పుడూ చేసింది. “పోతే పో. నేను మాత్రం ఆ గడప తొక్కను” అంది.

రెండు రోజుల తర్వాత మా చుట్టాల పడవ ఒకటి ఖాళీగా దిజోన్‌కు దిగుతుంటే, సోలాంజ్ మొగుడు అనిసె ఆమెను అందులో ఎక్కించి పంపాడు. అక్క పైకి రాలేదు. కింద గదిలో కూర్చుని బంగాళాదుంపలు చెక్కు తీసింది. ఆ దుంపలు పడవ మీద మిగిలిన మేము ముగ్గురమూ వారమంతా తిన్నాం. పట్టీ కొక్కేనికే ఉండిపోయింది. కూతురు అడగలేదు, తల్లి ఇవ్వలేదు.

తర్వాత ఒక అక్టోబరు పొద్దున, గోధుమల బరువుకు నీళ్ళు అంచుదాకా వచ్చిన ‘ఓర్పు’ను ఫ్లరీ లాకు దగ్గర కట్టేసి ఉంచాం. పొగమంచు ఇంకా విడలేదు. లాకు మనిషి పరుగెత్తుకుంటూ వచ్చాడు. పడవకు కబురు చేయాలంటే లాకులకు ఫోను చేయడమే దారి. ఈ లాకు దగ్గర కాకపోతే పై లాకు దగ్గర దొరుకుతాం. దిజోన్ రేవు నుంచి వచ్చిన కబురు ఇది: సోలాంజ్‌కు తెల్లవారుజామున నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ ఇంకా ఎదురుకాళ్ళతోనే ఉంది. సాయంత్రం దాకా చూసి, అప్పటికీ దారికి రాకపోతే కోసి తీస్తామని డాక్టరు అంటున్నాడు. “పిల్ల అమ్మా అమ్మా అని కలవరిస్తోందట” అని లాకు మనిషి చివర్లో, నేల చూస్తూ చెప్పాడు.

అక్క కిందికి దిగింది. కొక్కెం నుంచి పట్టీ తీసి, ఏప్రాన్ కింద నడుముకు చుట్టుకుని పైకి వచ్చింది.

“ఇంకా నిలబడ్డావేం అల్లుడూ? తాడు లాగు!”

“లాగుతున్నానత్తయ్యా. మీరు దానిమీదే నిలబడ్డారు” అన్నాడు అనిసె.

అనిసె పొడుగాటి మనిషి. పైపు నోట్లోంచి తీసేవాడు కాదు. రెండు లాకులకు ఒక మాట మాట్లాడితే ఆ రోజు హుషారుగా ఉన్నాడని మేము అనుకునేవాళ్ళం. ఒంటి మీద తేనెటీగలు వాలితే, పనులన్నీ ముగించుకుని తీరిగ్గా కుట్టించుకునే రకం. చుక్కాని దగ్గర అతను, ముందు తాడు దగ్గర నేను, మా ఇద్దరి మధ్యా ఎక్కడా నిలవకుండా అక్క. అలా బయల్దేరాం.

“మోటారు పెంచు.”

“పెంచితే పడవ కాలువ అడుక్కి అతుక్కుంటుందత్తయ్యా. నీళ్ళు వెనక్కి పోతాయి, మనం ఇక్కడే ఉంటాం.”

“నాకు చెబుతున్నావా? మీ నాన్న పాలు తాగే రోజుల్నుంచీ లాగుతున్నా ఈ పడవను!”

“అయితే మీకు తెలుసన్నమాట.”

అక్క నా వైపు తిరిగింది. “ఒరేయ్ ఫిర్మిన్, వీడు మనిషా, గోధుమ బస్తానా?”

“బస్తాలు కిందున్నాయక్కా. ఇతను పైనున్నాడు” అన్నాను.

మొదటి లాకు దగ్గరే ఆమె గట్టు మీదికి దూకింది. లాకు గోడకూ పడవకూ మధ్య అరచేయి పట్టేంత సందు మాత్రమే ఉంటుంది. నిదానంగా దూరకపోతే తలుపులు పగులుతాయి. నీళ్ళు నిదానంగానే దిగుతాయి, వాటికి కబురు తెలియదు కదా. అక్క అంచున నిలబడి కిందికి చూస్తూ “దిగు, దిగు” అని నీళ్ళను అదిలించింది. కింది తలుపులు తెరుచుకోగానే మాకంటే ముందే గట్టు పట్టుకుని నడిచింది. తర్వాతి లాకు చేరి అక్కడి మనిషిని కేకలేసి లేపింది. మేము రావడం లేదేమని వెనక్కి నడిచి మాకు ఎదురొచ్చింది. మాతో పాటు కొంత దూరం నడిచి, మళ్ళీ ముందుకు పోయింది. అలా ఆ రోజు ప్రతి గజమూ మూడేసి సార్లు నడిచింది. ఆ నడకంతా తిన్నగా నడిచి ఉంటే మార్సే దాకా పోయి, సముద్రంలో కాళ్ళు కడుక్కుని, రాత్రి భోజనానికి తిరిగొచ్చేదని నా లెక్క. దారిలో బాతులను తిట్టింది. గేలం వేసుకుని కూర్చున్న ఒక ముసలాయనను, అక్కడ కూర్చుంటే కాలువ సన్నబడుతుందని తిట్టింది. ఆయన నిజమేననుకుని లేచి నిలబడ్డాడు.

వెలార్ వంతెన మీద దిజోన్ బస్సు ఆగి ఉంది. సంతకు పోయే ఆడవాళ్ళు బుట్టలతో, బుట్టల్లో కోళ్ళతో తోసుకుంటూ ఎక్కుతున్నారు. డ్రైవరు హారన్ కొడుతున్నాడు. మేము వంతెన కిందికి వచ్చేసరికి అక్క తల పైకెత్తి చూసింది.

“చూడరా, ఎలా తోసుకుంటున్నారో. ఏం మునిగిపోతోందని వీళ్ళకింత తొందర?” అంది. మరుక్షణమే మా మీద పడింది. “కానివ్వండి, కానివ్వండి!”

బస్సు మలుపు తిరిగిపోయింది. మేము వంతెన కింద దూరాం.

సరిగ్గా గంట పన్నెండు కొడుతుండగా గ్రివో అనే ఆయన కాపలా ఉండే లాకుకు చేరాం. గ్రివో మీసం, గ్రివో మొండితనం కాలువ పొడవునా అందరికీ తెలుసు. మేము చేరేసరికి తలుపులు మూసి, చెయ్యి కడుక్కుని, మెడకు గుడ్డ కట్టుకుని కూర్చున్నాడు. వంటింటి కిటికీలోంచి ఆవాల ముద్దలో వండిన కుందేలు వాసన లాకు మీదంతా పరుచుకుంది. అక్క తలుపు కొట్టలేదు, తోసింది. నేను వెనకే వెళ్ళాను. సాయానికేననుకోండి, వాసనకు కాదు.

“ఒంటిగంటకు” అన్నాడు గ్రివో తల ఎత్తకుండా. “బిషప్పొచ్చినా ఒంటిగంటకే.”

“బిషప్పుకు కూతురు లేదు. నాకుంది.”

“ఆయనకు లేదని మనకేం తెలుసు?” అని ఎముక చప్పరించాడు.

“ఏమిటండీ ఆ మాటలు!” అంది ఆయన భార్య. “కూర్చో ఒనొరీన్, ఒక ముక్క తిను.”

“నేను కూర్చోవడానికి రాలేదు. నా పిల్ల అక్కడ...” అని ఆగిపోయింది అక్క. ఆమె మాట మధ్యలో తెగిపోవడం నేనెప్పుడూ చూడలేదు. ఏప్రాన్ కింద చెయ్యి పెట్టి, పట్టీ విప్పి, కుందేలు గిన్నెకూ రొట్టెకూ మధ్య బల్ల మీద పెట్టింది.

గ్రివో నమలడం ఆపాడు. ఇప్పుడు లాకు మనిషే కానీ, ఆయన పుట్టిందీ పడవలోనే. పట్టీ అంచును వేలితో తడిమాడు.

“మా అమ్మదానికి ఎర్ర చార ఉండేది” అన్నాడు. దాన్ని అక్క వైపు జరిపి, “పిల్ల దగ్గర ఉండాల్సింది ఇక్కడేం చేస్తోంది?” అన్నాడు.

“నా బుద్ధి గడ్డి తిని” అంది అక్క, పట్టీని ఈసారి ఏప్రాన్ మీదే నడుముకు చుట్టుకుంటూ.

గ్రివో లేచాడు. ఫ్రాన్సులో భోజనం మధ్యలో లేచిన లాకు మనిషిని అంతకుముందు ఎవరూ చూడలేదు, తర్వాతా చూడలేదు. గిన్నెలోని కుందేలు కూడా మూత కింద నుంచి తొంగి చూసిందని నేనంటే మీరు నమ్మరు. మెడ గుడ్డ అలాగే ఉంచుకుని, నోట్లో కుందేలు కాలు ఇరికించుకుని లాకు తలుపుల ఒక పక్క చక్రం తిప్పాడు. రెండో పక్క చక్రం ఆయన భార్యా మా అక్కా తిప్పారు. మేము కిందికి దిగుతుంటే ఆయన ఫోనులో అరవడం వినిపించింది.

“‘ఓర్పు’ వస్తోంది, తలుపులు తెరిచి పెట్టు. కింది లాకులన్నిటికీ చెప్పు. తిన్నావా లేదా అని నేను అడిగానా? పిల్ల ఆసుపత్రిలో ఉంది, పట్టీ పడవలో ఉంది. ఇంకేం చెప్పాలి నీకు?”

నిజంగానే ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. ఆ మధ్యాహ్నం ప్రతి లాకూ మా కోసం నోరు తెరుచుకుని కూర్చుంది. ఎదురొచ్చిన పడవలు వాటంతటవే గట్టుకు ఒదిగాయి. అక్కకు ఇది పొద్దుటి కంటే కష్టమైంది. తిట్టడానికి ఒక్క మనిషీ మిగల్లేదు. కాసేపు గోధుమల అర మీది చెక్కమూత మీద కూర్చుంది, లేచింది. గెడ పుచ్చుకుంది, పడేసింది. సూర్యుడు పోప్లర్ చెట్ల వెనక్కి దిగుతుంటే, ఆయననూ ఏదో అంది. చివరికి వచ్చి చుక్కాని పక్కన నిలబడింది. అల్లుడి మొహంలోకి చూసింది.

“ఆ పైపులో పొగాకు లేదు.”

“లేదత్తయ్యా.”

“ఎప్పట్నుంచి?”

“పొద్దున్నుంచీ.”

“మరెందుకు పీలుస్తున్నావు?”

“పళ్ళు టకటకలాడకుండా.”

అక్క ఆ తర్వాతి లాకు దాకా ఆ పక్కనే కదలకుండా నిలబడింది. అంతసేపు ఒకచోట నిలబడడం ఆమెకు ఏ జ్వరంలోనూ చేతకాలేదు.

“పోయేటప్పుడు నన్ను అడిగిందా?” అంది చివరికి.

“అమ్మేం చేస్తోందని అడిగింది. దుంపలు చెక్కు తీస్తోందన్నాను.”

“ఊఁ. ఏమంది?”

“ఎన్ని తీసిందని అడిగింది. బుట్టెడు అన్నాను.” అనిసె చుక్కాని కాస్త సర్దాడు. “అయితే బాగా ఏడుస్తోందన్నమాట, అంది.”

అక్క మొహం నీళ్ళ వైపు తిప్పుకుంది. “మోటారు కొంచెం పెంచవయ్యా” అంది. ఆ మాట అరవకుండా అనడం అదే మొదటిసారి. అనిసె పెంచాడు. పడవ అడుక్కి అతుక్కుంది. మళ్ళీ తగ్గించాడు.

దిజోన్ అంచున చివరి లాకు దగ్గర లాకు మనిషి లేడు. అతని కొత్త పెళ్ళాం, పెర్నే అనే పిల్ల తలుపులు పట్టుకుని ఉంది. గట్టువాళ్ళ ఇంటి పిల్ల, మంచి పిల్ల. అక్క అవతారం చూసి జాలిపడింది.

“అయ్యో పెద్దమ్మా, పొద్దున్నుంచీ ఈ పడవలోనేనా? బస్సెక్కాల్సింది కదా.”

“ఏ బస్సు?” అంది అక్క.

“ఫ్లరీ బస్సు. కాలువ పక్కనే కదా రోడ్డు. ప్రతి వంతెన దగ్గరా ఆగుతుంది. ఫ్లరీ నుంచి అరగంట.”

నేను అనిసె వైపు చూశాను. అనిసె మోటారు వైపు చూశాడు. మోటారు కూడా సిగ్గుపడి దగ్గింది.

“నడిచొచ్చినా మధ్యాహ్నానికి వచ్చేసేవారు” అంది ఆ పిల్ల, మరింత జాలిగా.

మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. బస్సును చూశాం, దానిమీద దిజోన్ అని రాసి ఉండడమూ చూశాం. కానీ గట్టువాళ్ళు ఇల్లు వదిలి బయల్దేరతారు. మాకు బయల్దేరడమంటే ఇల్లే బయల్దేరడం. రోడ్డంటే కాలువకు ఆ పక్కన వేరే జాతివాళ్ళు తిరిగే చోటు. చేపను బండెక్కమంటే దానికి మాత్రం ఎలా తడుతుంది?

ముందు తేరుకున్నది అక్కే. “పడవనొక్కదాన్నే వదిలేసి పొమ్మంటావా?” అంది.

“మీ అల్లుడున్నారు, తమ్ముడున్నారు కదా.”

“అందుకే ఒక్కదాన్నే అంటున్నా” అంది అక్క.

రేవులో తాడు వేసేలోపే ఆమె దూకేసింది. చెక్క బూట్లు చేత పట్టుకుని, మేజోళ్ళతోనే రాళ్ళ వీధి వెంట పరుగెత్తింది. అనిసె పడవ కట్టి వస్తానన్నాడు, నేను ఆమె వెనక పడ్డాను. ఆసుపత్రి గుమ్మంలో ఒక సిస్టరు చేతులడ్డం పెట్టింది. రోగులను చూసే వేళ అయిపోయింది, రేపు రమ్మంది. అక్క ఊపిరి బిగబట్టడం చూశాను. ఆ గొంతు ఆ మూసిన గదుల్లో విచ్చుకుంటే రోగులు కిటికీల్లోంచి దూకేవాళ్ళు. కాన్వెంటు చదువు అక్కరకొచ్చేది ఇలాంటప్పుడే. టోపీ తీసి, కళ్ళు దించుకుని నిలబడ్డాను.

“సిస్టర్, ఆమె నడుముకున్నది సెయింట్ మార్గరెట్ నడికట్టు. కాన్పుల తల్లి కదా ఆ పునీతురాలు. మా వంశంలో పన్నెండు తరాలుగా ఉంది. ఎదురుకాళ్ళ బిడ్డలు దాన్ని చూడగానే బుద్ధిగా దిగుతారు.”

సిస్టరు పట్టీ వైపు చూసింది. గోధుమ పొట్టు, తారు, చెమట మరకలు. అంత పాతది పవిత్రమైనదే అయి ఉంటుందనుకుందేమో, శిలువ గుర్తు వేసుకుని పక్కకు తప్పుకుంది.

గదిలో డాక్టరు చొక్కా చేతులు మడుచుకుంటున్నాడు. సోలాంజ్ జుట్టు నుదుటికి అతుక్కుని ఉంది. చేతులు దుప్పటిని పట్టుకోబోయి జారిపోతున్నాయి, పట్టుకోవడానికి అక్కడేమీ లేదు. గుమ్మంలో తల్లిని చూసి ఆమె ముందు గోడ గడియారం వైపు చూసింది.

“అప్పుడే వచ్చేశావా?” అంది. “పొద్దున్నుంచీ లాకులు లెక్కపెట్టుకుంటూనే ఉన్నా. మీరింకా ప్లోంబియేర్ లాకు దాటి ఉండరనుకున్నా. ఆ గ్రివో గంటసేపు తింటాడు కదా. ఇంకో గంట ఎలా ఓర్చుకోవాలా అనుకుంటున్నా.” ఊపిరి అందక ఆగింది. “ఇంత తొందరగా ఎలా వచ్చావమ్మా?”

అక్క నా వైపు తిరిగి ఒక చూపు చూసింది. బస్సు అన్న మాట నా నోట వస్తే నన్ను ఎక్కడ ముంచుతుందో, ఎంత లోతున ముంచుతుందో ఆ చూపులో ఉంది.

“మోటారు పెంచమన్నానే” అంది.

ఇనప మంచం తల దగ్గరి కమ్మీకి పట్టీ కట్టింది. పడవలు కట్టే ముడే వేసింది. రెండో కొస కూతురి చేతుల్లో పెట్టి, ఆ వేళ్ళను తన వేళ్ళతో మూసింది. డాక్టరు ఏదో అనబోయాడు, ఆమెను చూసి మానుకున్నాడు.

“లాగు. గట్టు మీద నడుస్తున్నాననుకో. నేను పక్కనే నడుస్తున్నా. తలుపులన్నీ తెరిచే ఉన్నాయి. లాగు.”

నన్ను బయటికి తోశారు. వరండాలో అనిసె బెంచీ మీద కూర్చుని ఖాళీ పైపు పీలుస్తున్నాడు. నేను నా పొగాకు సంచి ఇచ్చాను. నింపబోయాడు, పొగాకంతా నేల పాలైంది. సిస్టరు అటూ ఇటూ తిరుగుతూ ఆ నడికట్టు సంగతి మళ్ళీ అడిగింది. పన్నెండు తరాలు అప్పటికి పద్నాలుగయ్యాయి.

వీధి దీపాలు ఇంకా వెలగలేదు. లోపల్నుంచి బిడ్డ తొలి కేక వినపడింది. సన్నగా కాదు, పసిగా కాదు, కాలువ ఆ గట్టు నుంచి ఈ గట్టుకు వినపడేలా. అనిసె లేచి నిలబడ్డాడు. ఎప్పుడూ మూసే ఉంచే వరండా చివరి పెద్ద తలుపు, రెండు రెక్కలూ, వాటంతటవే తెరుచుకున్నాయి.

“గాలికి” అంది సిస్టరు. పాపం, గట్టు మనిషి. ఆమెకేం తెలుసు?